వేలితో చిల్లులు, ఇనుముతో గళ్లు

సర్వపిండి చేసే ఇంట్లో మొదటిది దించగానే సర్వను, అంటే అది కాల్చే గిన్నెను, బోర్లించి నల్లా కింద పెడతారు. సుయ్‌మని ఆవిరి లేస్తుంది. కాలే సర్వలో చేయి పెట్టి పిండి అద్దలేరు కాబట్టి రెండోదానికి ముందు దాన్ని చల్లార్చక తప్పదు. మనుషులు ఎక్కువున్న ఇళ్లలో రెండు సర్వలు పెట్టుకుంటారు, పొయ్యి మీద ఒకటి, నీళ్ల కింద ఒకటి. సిద్దిపేట వైపు ఇంత ఇష్టంగా తినే ఈ వంట ఎక్కువగా సాయంత్రాలకూ వానపడే రోజులకూ ఎందుకు మిగిలిపోయిందో, బడి బస్సు హారన్ కొట్టే పొద్దుటి పూటకు ఎందుకు రాలేకపోయిందో ఈ ఒక్క పని చూస్తే అర్థమవుతుంది.

బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లాకు, కరివేపాకు వేసి గట్టిగా తడుపుతారు. నూనె రాసిన సర్వ అడుగుకూ, చుట్టూ గోడలకూ పలుచగా అద్దుతారు. ఆ తర్వాత వేలితో చిల్లులు. పెద్దవాళ్లు పక్కన నిలబడితే ఒకటే మాట: వేలు అడుగు దాకా దిగాలె. ప్రతి చిల్లులో చుక్క నూనె వదిలి, మూతపెట్టి, సన్నమంట మీద కాలనిస్తారు. ఊరిని బట్టి సర్వప్ప అన్నా, గిన్నప్ప అన్నా, తపాల చెక్క అన్నా పద్ధతి ఇంతే. పిండిలోని తేమ ఆవిరై బయటపడటానికీ, నూనె అడుగుకు చేరడానికీ ఆ చిల్లే దారి. అది సరిగా దిగకపోతే అడుగు మాడుతుంది, నడుమ పచ్చి మిగులుతుంది.

ఐరోపా వంటకం వాఫిల్ మీది గళ్లు చేసే పనీ ఇలాంటిదే. మందపాటి పిండిని నూనెలో ముంచకుండా, లోపల మెత్తగా పైన కరకరలాడేలా ఎలా కాల్చాలన్నది వంటింటి పాత చిక్కు. గళ్లు పడితే పిండి ఇనుముకు ఆనే వైశాల్యం పెరుగుతుంది, ఎక్కడ చూసినా మందం తగ్గుతుంది, రెండువైపులా ఒకేసారి వేడి తగులుతుంది. మనవాళ్లు గట్టి పిండిని పాత్రకు అద్ది చిల్లులు పొడిచారు. ఐరోపా వాళ్లు జారు పిండిని రెండు ఇనుప పలకల మధ్య పోసి నొక్కారు. ఈమధ్య సిద్దిపేట ఇళ్లలోనూ కనిపిస్తున్న వాఫిల్ మెషీన్‌ను మైదాకూ చాక్లెట్‌కూ వదిలేయకుండా మన పిండి పోసి వాడుకుంటే, సర్వ ఇవ్వలేని పొద్దుటి టిఫిన్ అది ఇస్తుంది. దాని పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

మధ్యయుగాల ఐరోపాలో వాఫిల్ ఇనుమంటే బందు వేసి కలిపిన రెండు పలకలు, వాటికి పొడుగాటి పిడులు. నిప్పుల మీద పెట్టి, తిప్పి, మళ్లీ పెట్టేవారు. చర్చి ప్రార్థనల్లో ఇచ్చే పలుచని అప్పాలు ఇలాంటి పలకల మధ్యే కాలేవి, వాటి మీద దైవచిహ్నాలు అచ్చుపడేవి. పండగ అంగళ్లకు చేరాక గళ్లు స్థిరపడ్డాయి. చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ 1559లో గీసిన పెద్ద వీధి దృశ్యంలో ఒక స్త్రీ మంట దగ్గర కూర్చుని వాఫిల్స్ కాలుస్తుంటుంది. కార్నివాల్ పండగకూ, దాని వెంట వచ్చే ఉపవాస దినాలకూ మధ్య పోరాటం ఆ చిత్రంలోని విషయం. అప్పట్లో ఉపవాసాలు మొదలైతే గుడ్లు, పాలు, వెన్న ముట్టకూడదు. ఉన్నవన్నీ ముందే ఖర్చుచేసే పండగ తిండి వాఫిల్. మనకు సంక్రాంతికి సకినాలెలాగో వాళ్లకు అదలాగ. పొద్దుటి పలహారంగా మారడం చాలా తర్వాతి ముచ్చట.

డచ్చివాళ్లు దాన్ని అమెరికాకు తీసుకెళ్లారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణవాసి కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ 1869 ఆగస్టు 24న పొయ్యి మీద పెట్టే వాఫిల్ ఇనుముకు పేటెంట్ పొందాడు. చేయి కాలకుండా పలకల్ని తిప్పగలగడం అందులో సుగుణం. 20వ శతాబ్దం మొదట్లో కరెంటు వచ్చి చేరింది. 1953లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఫ్రాంక్ డోర్సా ముందే కాల్చి గడ్డకట్టించిన వాఫిల్స్‌ను దుకాణాల్లో పెట్టాడు. అవే తర్వాత ఎగ్గో పేరుతో అమెరికా ఇంటింటికీ చేరాయి. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో మారిస్ వెర్మెర్ష్ కుటుంబం మందపాటి బెల్జియం వాఫిల్ మీద మీగడ నురగ, స్ట్రాబెర్రీలు పెట్టి అమ్మితే జనం విరగబడ్డారు. ఇంతలో ఒరెగాన్‌లో పరుగుపందెం కోచ్ బిల్ బోవర్‌మన్ 1971లో భార్య వాఫిల్ మెషీన్‌లో రబ్బరులాంటి రసాయనం పోసి బూట్ల అడుగులు చేయబోయాడు. మెషీన్ అతుక్కుపోయి పాడైంది గానీ నైకీ కంపెనీకి పేరుతెచ్చిన గళ్ల అడుగు బూటు ఆ ఆలోచనతోనే వచ్చింది. 

మన మాల్స్‌లో అమ్మే వాఫిల్స్ ఎక్కువభాగం ఆ 1964 వాఫిల్ సంతానం. మైదా, చక్కెర, వెన్న, పైన చాక్లెట్ పోత. అవి మిఠాయిలు, మిఠాయిలుగా తినడంలో తప్పులేదు. పిల్లలకు పొద్దున్నే అవి పెట్టి టిఫిన్ అయిందనుకోవడంతోనే నాకు పేచీ.

డచ్చివాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే గోల్కొండ రాజ్యంలోని మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టారు. అద్దకం బట్టలు పట్టుకెళ్లారు గానీ వాఫిల్ ఇనుమును మన వంటింట్లో వదిలివెళ్లిన జాడ లేదు. దాని దూరపు చుట్టం మాత్రం మన దగ్గర ఉంది, గులాబీ పువ్వుల అచ్చు. కేరళలో అచ్చప్పం, శ్రీలంకలో కోకిస్, ఉత్తర ఐరోపాలో రోజెట్, అన్నీ ఒకే పోలిక. కోకిస్ డచ్చివాళ్ల నుంచి వచ్చిందని లంకవాళ్లు చెప్పుకుంటారు. అచ్చును ముందు నూనెలో బాగా కాచి, పై అంచు మునగకుండా పిండిలో ముంచాలి. అచ్చు చల్లగా ఉంటే పిండి పట్టదు, అంచు మునిగితే పువ్వు ఊడదు. బాగా కాగిన ఇనుము నుంచే కాలిన పిండి సులువుగా ఊడుతుందన్న సూత్రం గులాబీ పువ్వులు చేసిన ప్రతి చేతికీ తెలుసు. వాఫిల్‌కు కావలసిన ముఖ్యమైన విద్యా అదే.

ఇక సిద్దిపేట పొద్దులు. టిఫిన్ అనే మాట ఊళ్లకు రాకముందు పొద్దుటి తిండి జొన్నరొట్టె, గట్క, అంబలి, సల్ల పోసుకున్న సద్ది. జొన్న గట్క కొన్నాళ్లు, మక్క గట్క కొన్నాళ్లు. పాత మెదక్ జిల్లాలో ఈ ప్రాంతం మెట్ట నేల. చెరువుల కింద వరి పండేది, మిగతా చోట వానను నమ్ముకున్న జొన్న, మక్క, కంది, పెసర. వరి అన్నం చాలా ఇళ్లలో పండగ రోజు మాట.

1983లో రెండు సంగతులు జరిగాయి. ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం మొదలుపెట్టింది. అదే ఏడాది అప్పటి మెదక్ జిల్లాలోనే, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. బియ్యం పథకం ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం కడుపునిండినవాళ్ల వరసే. కానీ పొద్దుటి రొట్టె స్థానంలోకీ అన్నమే వచ్చింది. పస్తాపూర్ చుట్టుపక్కల దళిత మహిళలేమో సంఘాలు కట్టి జొన్న, కొర్ర, సామ విత్తనాలు దాచి, బీడు భూముల్లో మళ్లీ పండించారు. ఆ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఒకే ఏడాది మొదలై చెరో దిక్కుకు నడిచిన కథలివి.

1999లో దీపం పథకంతో గ్యాస్ పొయ్యిలు మహిళా సంఘాల ఇళ్లకు చేరాయి. కట్టెపొగ తగ్గింది. జొన్నరొట్టెకు కావలసిన పెద్ద మంట, దాన్ని అరచేత్తో చరిచే నేర్పూ మెల్లగా తగ్గాయి. ఇత్తడి సర్వకు లోపల కళాయి పూసేవాళ్లు వీధుల్లోకి రావడం మానేశారు, సర్వలు అల్యూమినియానికీ స్టీలుకూ మారాయి. ఉడిపి హోటళ్ల ఇడ్లీ, దోశ హైదరాబాద్ మీదుగా బస్టాండు హోటళ్లకూ, అక్కడి నుంచి గ్రైండర్ ఉన్న ప్రతి ఇంటికీ నడిచొచ్చాయి. 2020లో రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్ జలాశయాలు, 2022లో 50 టీఎంసీల మల్లన్న సాగర్ ప్రారంభమయ్యాక ఒకప్పటి మెట్టలో ఎటు చూసినా వరి. మల్లన్న సాగర్ కింద మునిగిన ఊళ్లవాళ్లు గజ్వేల్ దగ్గరి కాలనీల్లో కొత్త వంటిళ్లు కట్టుకున్నారు. నీళ్లొచ్చిన లెక్క రాసేటప్పుడు ఆ పాత పొయ్యిలనూ లెక్కలో వేయాలి.

ఇన్ని మారాక జొన్న ఇప్పుడు బియ్యం కన్నా ఖరీదైన ప్యాకెట్టై తిరిగొచ్చింది. 2018లో కేంద్రం చిరుధాన్యాలను పోషక ధాన్యాలుగా ప్రకటించింది, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం చేసింది. అదే ఏడాది అక్టోబర్ 6న తెలంగాణ ప్రభుత్వ బడుల్లో మొదలుపెట్టిన అల్పాహార పథకం పట్టికలో ఇడ్లీ, ఉప్మా, పూరీలతో పాటు చిరుధాన్యాల ఇడ్లీ కూడా చేరింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. వాఫిల్‌లో మైదా తీసి జొన్న వేయమనడానికి నాకు ఈ ఒక్క లెక్క చాలు.

చిక్కల్లా జొన్నలో బంక లేకపోవడం. ఉత్త జొన్నపిండిని జారుగా కలిపి పోస్తే మెషీన్ తెరవగానే పై సగం పైకి, కింది సగం కిందికి చీలిపోతుంది. పట్టు ఇవ్వడానికి మన దగ్గర పెసర ఉంది. రాత్రి కప్పు పెసలు నానబెట్టి, పొద్దున అల్లం, పచ్చిమిరపకాయ, జీలకర్రతో మెత్తగా రుబ్బాలి. అందులో అరకప్పు జొన్నపిండి, రెండు గరిటెల పెరుగు, ఉప్పు, చెంచా నూనె. సర్వపిండి నుంచి నువ్వులు, ఉల్లాకు, పిడికెడు నానిన శనగపప్పు అప్పు తెచ్చుకోవచ్చు. పోసే ముందు చిటికెడు తినే సోడా. పెరుగులోని పులుపు సోడాతో కలిసి బుడగలు లేపుతుంది కాబట్టి సోడా వేశాక ఆలస్యం పనికిరాదు. పిండి దోశ పిండికన్నా చిక్కగా, గరిటె నుంచి ధారగా కాకుండా ముద్దగా జారాలి. పులిసిపోయిన మూడోరోజు దోశ పిండి మిగిలితే ఇంకా సులువు. జొన్నపిండి కలిపి చిక్కచేస్తే చాలు, సోడా అక్కర్లేదు.

మెషీన్ బాగా కాగాకే పలకలకు నూనె రాసి పిండి పోయాలి. మూత వేసిన కాసేపటికి అంచుల నుంచి ఆవిరి బుసలు కొడుతుంది. ఆ ఆవిరి సన్నబడే దాకా, అంటే నాలుగైదు నిమిషాలు, మూత ముట్టొద్దు. ఆవిరి ఆగిందంటే లోపలి తేమ పోయిందని. గంట మోగిందనో, లైటు వెలిగిందనో తొందరపడేవాళ్లకే చీలిన వాఫిల్ వస్తుంది. తీసినవాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా జాలీ మీద విడివిడిగా ఉంచాలి, లేకపోతే సొంత ఆవిరికే మెత్తబడిపోతాయి. పల్లీ చట్నీ గానీ టమాట తొక్కు గానీ ఆ గళ్లలో నిలుస్తుంది. తీపి కావాలన్న పిల్లలకు రాగిపిండి, మగ్గిన అరటిపండు, ఒక గుడ్డు కలిపి పోస్తే సరి. బెల్లం పిండిలో వేస్తే పలకలకు పట్టి మాడుతుంది, పాకం పైన పోయడం మేలు. వెయ్యి వాట్ల మెషీన్ అరగంట నడిచినా కరెంటు అర యూనిట్ దాటదు. మెషీన్ లేని ఇంట్లో ఇదే పిండికి గుంట పొంగనాల పెనం చాలు. అక్కడ గళ్లకు బదులు గుంటలు, అంతే తేడా.

పొద్దున్నే రుబ్బుకునే తీరిక కూడా లేనివాళ్లకు డోర్సా 1953లో చూపిన దారి ఉంది. ఆదివారం ఒక విడత ఎక్కువ కాల్చి, పూర్తిగా చల్లారాక, మధ్య మధ్య కాగితం వేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. బుధవారం పొద్దున తీసి, కరగబెట్టకుండానే, పొడి పెనం మీద సన్నమంటన రెండువైపులా తిప్పితే మళ్లీ కరకరలాడతాయి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టొద్దు, తోలులా సాగుతాయి.