కేసముద్రము: గ్రామనామ విచారము

కాజీపేటనుండి విజయవాడకుఁ బోవు ధూమశకటమార్గమునఁ గేసముద్రమను స్టేషను గలదు. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై 2016 నుండి మహబూబాబాదు జిల్లాలోఁ జేరిన యీ యూరికి సముద్రము బహుదూరము. మఱి యీ పేరెట్లు వచ్చినది? చెవికి సోఁకినట్లు ‘కేశ’, ‘ముద్ర’ యని విడఁదీసినచో నర్థము పొసఁగదు.

తడియుటను దెలుపు ‘ఉంద్’ ధాతువునుండి పుట్టిన సముద్రశబ్దము నీటిరాశిని జెప్పును. ఉప్పునీరే కావలెనను నియమము లేదు. అందువలన మన పూర్వులు పెద్దచెరువులను సముద్రములనిరి. ఈ ప్రాంతముననే, బయ్యారమునందు, కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిన చెరువునకు ధర్మకీర్తిసముద్రమని శాసనము పేర్కొన్నది. పోరుమామిళ్ల చెరువు 1369 నాఁటి శాసనమున ననంతరాజసాగరము.

ఇఁక ‘కేస’ యననేమి? కాకతీయుఁడగు మొదటి ప్రోలరాజునకు ‘అరిగజకేసరి’ యను బిరుదము గలదు. కేసరితటాకమును ద్రవ్వించినవాఁ డతఁడే. కావునఁ గేసరిసముద్రమే కేసముద్రమైనదనుట యుక్తముగాఁ దోఁచును. నడుమనున్న ‘రిస’ యను రెండక్షరములు జాఱిపోఁగా మిగులునది యీ పేరే. సకారములు రెండు దగ్గఱనున్నపు డొకదానిని నాలుక దాఁటిపోవుట సహజము గదా!

శాసనశిలలు పగిలిపోవచ్చును, గట్లు తెగవచ్చును. ఊరిపేరు మాత్రము కట్టించినవాని బిరుదమును నోటినుండి నోటికి మోయుచునే యుండును. దానిని మనమే తప్పుగా విడఁదీసితిమేని యా సాక్ష్యమును జేతులారఁ జెఱిపినవారమగుదుము. కావున నుపాధ్యాయులు తమ గ్రామనామములను నిఘంటువు ముందుఁ గూర్చుండియే కాక, చెరువుగట్టుపై నిలిచియు విచారింపవలయును.