సర్వర్ డౌన్: ఆలస్యం ఎవరి నెత్తిన పడుతోంది?

కంప్యూటర్‌కి కులం లేదు. ఈ మాట మనం చాలాచోట్ల విన్నాం. కాలేజీ స్టాఫ్‌రూముల్లో విన్నాం, హాస్టల్ వరండాల్లో విన్నాం, అమీర్‌పేట టీ కొట్ల దగ్గర విన్నాం. కోడు సరిగ్గా రాస్తే నడుస్తుంది, తప్పు రాస్తే నడవదు, రాసినోడు ఏ వాడ నుంచి వచ్చాడో మిషన్ అడగదు అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. మన పిల్లల్ని ఈ చదువు వైపు లాగింది కూడా ఆ నిజమే. బావి దగ్గరా, గుడి దగ్గరా కులం అడిగే లోకంలో, పేరు కూడా అడగని వస్తువు ఒకటి దొరికిందంటే సంబరమే కదా.

అయితే మేం అడుగుతున్నది మిషన్ గురించి కాదు, మిషన్ దాకా పోయే దారి గురించి. ఆ దారిలో సీటుంది, ఫీజుంది, ల్యాబుంది, ఆన్‌లైన్ ఫారముంది, చివర ఇంటర్వ్యూ ఉంది. ప్రతిచోటా ఏదో ఒక ఆలస్యం జరుగుతూనే ఉంటుంది. ఆలస్యం అందరికీ మామూలే అంటారు. అందరికీ మామూలే అయితే దాని బరువు కూడా అందరి మీదా సమానంగా పడాలి. అట్లా పడుతోందా? ఈ ప్రశ్న పట్టుకుని కొంచెం వెనక్కి పోయి చూద్దాం.

అంబేద్కర్ అడిగింది సైన్సు చదువే

1942లో డాక్టర్ అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. ఆ ఏడాది అక్టోబరులోనే షెడ్యూల్డ్ కులాల ఇబ్బందుల మీద వైస్రాయికి ఒక వినతిపత్రం ఇచ్చారు. అందులో చదువు గురించి అడిగిన తీరు గమనించాలి. ఏదో ఒక చదువు అనలేదు. సైన్సు, టెక్నాలజీ చదువులకు స్కాలర్‌షిప్‌లు కావాలన్నారు. దేశంలో చదివేవాళ్లకూ, విదేశాలకు పోయేవాళ్లకూ ఇవ్వాలన్నారు. ఆ చదువులు ఖరీదైనవి, మనవాళ్ల శక్తికి మించినవి, కాబట్టి ప్రభుత్వమే కట్టాలన్నది ఆయన వాదన. 1944లో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఇవాళ మనం రీయింబర్స్‌మెంట్ అని పిలుచుకునేదానికి వేరు అక్కడుంది. అది ఏ ముఖ్యమంత్రి దయా కాదు, ఏ పార్టీ కానుకా కాదు. పోరాడి తెచ్చుకున్న హక్కు.

హైదరాబాద్ కంప్యూటర్‌కి ఒకప్పుడు రిజర్వేషనుంది

హైదరాబాద్‌లో కంప్యూటర్ చరిత్ర అనగానే హైటెక్ సిటీ అంటారు. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. దానికి ముప్పై ఏళ్ల ముందే, 1967లో, ఈసీఐఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈ ఊళ్లో పుట్టింది. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్‌ని తయారుచేసింది. 1970ల చివర ఐబీఎం దేశం వదిలి వెళ్లిపోతే, ఆ మిషన్ల మరమ్మతు చూసుకున్నది సీఎంసీ అనే మరో ప్రభుత్వ సంస్థ. 1980ల నడుమ రైల్వే టికెట్ల బుకింగును ఢిల్లీలో కంప్యూటర్ మీదికి ఎక్కించింది కూడా సీఎంసీయే.

ఇవి ప్రభుత్వ రంగ సంస్థలు. అంటే ఉద్యోగాల్లో రిజర్వేషన్ వర్తించే చోట్లు. రిజర్వేషన్ అక్కడ పూర్తిగా అమలైందని మేం చెప్పడం లేదు. బ్యాక్‌లాగ్ పోస్టుల కథ మనకు తెలియనిదా? కానీ ఒక సంగతి మాత్రం ఖాయం. రిజర్వేషన్ ఉంటే టెక్నాలజీ కుంటుపడుతుందని ఇవాళ అనేవాళ్లు, ఆ రూలు ఉన్న సంస్థే దేశానికి రైలు టికెట్ల వ్యవస్థ కట్టిందని మర్చిపోతున్నారు. 1991 తర్వాత ఈ రంగంలో డబ్బు పెరిగింది, డబ్బుతోపాటు రంగం ప్రైవేటు చేతికి పోయింది. 2001లో సీఎంసీలో యాజమాన్య వాటాను ప్రభుత్వం టాటాలకు అమ్మేసింది. రాజ్యాంగం 16(4) అధికరణ ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది. జీతాలు చిన్నవిగా ఉన్న రోజుల్లో రూలు ఉంది. జీతాలు పెద్దవైన చోట రూలు లేదు.

సీటు సరుకైన కథ

ఉద్యోగం ప్రైవేటుకు పోయిన కాలంలోనే చదువు కూడా అటే పోయింది. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం చేసిన రాష్ట్రంలోనే 1992లో ప్రైవేటు వైద్య, దంత వైద్య కళాశాలలకు ఇచ్చిన అనుమతుల్ని హైకోర్టు కొట్టేసింది. ఆ దెబ్బకు ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకోవాల్సి వచ్చింది. 1993 ఫిబ్రవరిలో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అని పంచింది. సీటు అమ్మకానికి ఒక లెక్క కుదిరిందన్నమాట.

2002లో టీఎంఏ పాయ్ కేసులో ఆ లెక్కా పోయింది. 2005లో ఇనాందార్ కేసులో, ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు కళాశాలల మీద రిజర్వేషన్ రుద్దడానికి వీల్లేదన్నారు. పార్లమెంటు 93వ రాజ్యాంగ సవరణ చేసి 15(5) తెచ్చింది. 2014లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మన తెలుగు రాష్ట్రాల్లో కన్వీనర్ కోటా 70 శాతం సీట్లకు రిజర్వేషన్ ఉంది. మిగిలిన 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. అక్కడ రిజర్వేషనూ లేదు, రీయింబర్స్‌మెంటూ లేదు. ప్రవేశ పరీక్షలో ర్యాంకు రాని డబ్బున్న పిల్లోడు కూర్చునేది అక్కడే. మెరిట్ గురించి మనకు పాఠాలు చెప్పేవాళ్లు ఆ 30 శాతం గురించి నోరు మెదపగా మేం వినలేదు.

అప్పిచ్చింది ఎవరు?

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వెనుకబడిన కులాలకూ, ఇతర పేదలకూ విస్తరించింది. అది మంచి పనే. దాంతోపాటు కాలేజీలూ పెరిగాయి. 2010 దాటేసరికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందల దాకా చేరాయి. ఊరి బయట పొలాల్లో బిల్డింగ్ లేచింది, బోర్డు లేచింది, పసుపు బస్సులొచ్చాయి. పాఠం చెప్పే మనిషి, పనిచేసే ల్యాబ్ మాత్రం చాలాచోట్ల రాలేదు. మన పిల్లల పేరు మీద సర్కారు ఇచ్చే ఫీజే కొన్ని కాలేజీలకు ప్రాణవాయువు. అయినా మన పిల్లలకు అక్కడ వచ్చిన పేరేమిటి? "స్కాలర్‌షిప్ బ్యాచ్."

ఆ ఫీజు ఎప్పుడూ వేళకు రాదు. బకాయిలు లేని సంవత్సరం మాకు గుర్తు లేదు. సర్కారు కాలేజీకి బాకీ. కాలేజీ సర్కారును నిలదీయలేదు, పిల్లల్ని నిలదీస్తుంది. మాకు తెలిసిన ఒక అమ్మాయి కన్వీనర్ సీట్లో నాలుగేళ్లు చదివి పాసైంది. ఉద్యోగం వచ్చింది, చేరడానికి ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలన్నారు. కాలేజీకి పోతే, మీ రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదు, రెండేళ్ల ఫీజు మీరే కట్టి తీసుకుపొండి అన్నారు. వాళ్లమ్మ మిరప కోతలకు పోయే మనిషి. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టింది. తర్వాత ఎప్పటికో సర్కారు డబ్బు కాలేజీ ఖాతాలో పడింది. అది తిరిగి రాబట్టుకోవడానికి ఆ తల్లి తిరిగిన తిరుగుళ్లకు లెక్క లేదు. వడ్డీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ కాగితం ఆఫీసు గోడ మీద లేదు కాబట్టి ఆ తల్లికి తెలియదు. ఇంతకీ ఇక్కడ ఎవరు ఎవరికి అప్పిచ్చినట్టు? సర్కారు చేసిన ఆలస్యానికి పెట్టుబడి పెట్టింది కూలి చేసుకునే ఒక దళిత స్త్రీ. ఉచిత చదువు అనే మాటకు ఆ ఇంట్లో అర్థం నూటికి మూడు రూపాయలు.

నీలం తెర

ఇక ప్రోగ్రామింగ్ చదువు లోపలికి పోదాం. సీ భాష 1970ల మొదట్లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ చేతిలో తయారైంది. మన కాలేజీలు దాన్ని నేర్పింది బోర్లాండ్ కంపెనీ వాళ్ల టర్బో సీ మీద. నీలం తెర, పసుపు అక్షరాలు, నడపాలంటే కంట్రోల్ ఎఫ్9. అది డాస్ కాలపు సరుకు. లోకం ఎప్పుడో వదిలేసినా మన ల్యాబుల్లో ఏళ్లకేళ్లు అదే నడిచింది. సీకి 1989లోనే ప్రామాణిక రూపం వచ్చింది. దాని ప్రకారం మామూలు ప్రోగ్రాములో ఇంట్ మెయిన్ అని రాయాలి. మన రికార్డు పుస్తకాల్లో వాయిడ్ మెయిన్. మొదటి లైనులో కోనియో డాట్ హెచ్, తర్వాత క్లియర్‌స్క్రీన్. ఇవి ఆ పాత కంపైలర్ సొంత అలవాట్లే తప్ప ప్రామాణిక సీలో లేనివి. బయట మరో మిషన్ మీద అదే ప్రోగ్రాం ఎక్కిస్తే ఎర్రర్ కొడుతుంది.

ఈ తప్పు అందరికీ నేర్పారు, నిజమే. ఇంట్లో కంప్యూటర్ ఉన్నోడు, అన్నో బావో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నోడు, వారం రోజుల్లో దిద్దుకున్నాడు. హాస్టల్ పిల్లకి ల్యాబ్ గంట తప్ప మిషన్ లేదు. ఆ గంటలోనూ ఒక మిషన్‌కి ముగ్గురు. కరెంటు పోతే అదీ లేదు. ఆమెకు తప్పు తెలిసింది ఇంటర్వ్యూ గదిలోనే. అక్కడ దాన్ని పాత ల్యాబ్ అనరు, బేసిక్స్ లేవంటారు.

అందుకే మనవాళ్లంతా అమీర్‌పేట చేరారు. మైత్రీవనం చుట్టూ గోడలనిండా జావా, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్ పోస్టర్లు, కిక్కిరిసిన గదులు, జిరాక్స్ నోట్సులు. నాలుగేళ్ల కాలేజీ చెప్పనిది అక్కడ నాలుగు నెలల్లో, కాలేజీ ఫీజుతో పోలిస్తే చిల్లర డబ్బుకు చెప్పారు. అమీర్‌పేటను చూసి నవ్వేవాళ్లుంటారు. మేం నవ్వం. కానీ ఆ నాలుగు నెలల రూము అద్దె, మెస్ బిల్లు ఏ స్కాలర్‌షిప్‌లోనూ లేవు. ఆ ఖర్చుకు ఓర్చలేనివాళ్లు మధ్యలోనే ఊరికి బస్సెక్కారు.

సర్వర్ డౌన్

ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్. దరఖాస్తు ఆన్‌లైన్, వేలిముద్ర ఆన్‌లైన్, ఫీజు ఆన్‌లైన్. మీసేవ కుర్రాడు "సర్వర్ డౌన్, రేపు రండి" అంటే చాలామందికి అది చిరాకు, ఇంటికెళ్లి కాఫీ తాగుతూ విసుక్కునే సంగతి. మనవాళ్లకి అది ఒక రోజు కూలి. కొన్నిసార్లు ఒక సీటు.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2021లో ఒక దళిత విద్యార్థికి ఐఐటీ బొంబాయిలో సీటొచ్చింది. ఫీజు కట్టబోతే ఆన్‌లైన్‌లో చెల్లింపు పదేపదే విఫలమైంది, గడువు దాటింది, సీటు పోయింది. హైకోర్టు కాదంది. ఆ ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు 142వ అధికరణ కింద తన ప్రత్యేక అధికారం వాడి సీటు ఇప్పించింది. 2024లో మళ్లీ అదే కథ. ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక దినకూలీ కొడుక్కి ఐఐటీ ధన్‌బాద్‌లో సీటొచ్చింది. కట్టాల్సింది 17,500 రూపాయలు. జూన్ 24 సాయంత్రం ఐదింటితో గడువు. ఊళ్లో అడిగి డబ్బు పోగుచేసేసరికి కొద్ది నిమిషాలే మిగిలాయి. చెల్లింపు పూర్తికాకుండానే పోర్టల్ మూసుకుంది. సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు అతనికీ సీటు ఇప్పించింది.

న్యాయం జరిగిందని పేపర్లు రాశాయి. మేం కూడా సంతోషించాం. కానీ చూడండి, నిమిషాల ఆలస్యాన్ని సరిదిద్దడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం దిగిరావాల్సి వచ్చింది. ఢిల్లీ దాకా పోలేనివాళ్ల లెక్క ఎవరు రాశారు? సర్కారు ఫీజు ఏళ్ల తరబడి ఆలస్యమైతే మూసుకునే పోర్టల్ ఒక్కటీ లేదు. దళిత పిల్లోడు నిమిషాలు ఆలస్యమైతే మూసుకునే పోర్టల్ ఉంది.

పేరు అడిగే గది

ఇవన్నీ దాటినవాళ్లకి చివరి గది ఇంటర్వ్యూ. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ ఒక అధ్యయనం అచ్చువేశారు. ఇంగ్లీషు పేపర్లలో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అర్హత ఒకటే, పేరు మాత్రం వేరు. అగ్రకుల హిందువు పేరుతో పోల్చితే దళిత పేరుకు పిలుపు వచ్చే సంభావ్యత నిష్పత్తి 0.67, ముస్లిం పేరుకు 0.33. మిషన్ పేరు అడగదు, నిజమే. మిషన్ ముందు కూర్చోబెట్టేవాడు అడుగుతాడు.

సముద్రం దాటినా ఇది పోలేదు. కుల వివక్ష ఫిర్యాదు మీద 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం ఒకటి సిస్కో కంపెనీ మీద దావా వేసింది. 2023లో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన అలాంటి బిల్లును అక్కడి గవర్నరు తిప్పి పంపాడు. మనవాళ్లు వీసాతోపాటు ఏం మోసుకుపోయారో అమెరికావాళ్లకూ అర్థమవుతోంది.

మనం అడగాల్సింది

దళిత విద్యార్థి ఎందుకు వెనకబడ్డాడు అని అడగడం ఇక మానేద్దాం. ఎవరి ఆలస్యాన్ని అతను మోస్తున్నాడు అని అడుగుదాం. ఫీజు సర్కారు బాకీ అయినప్పుడు సర్టిఫికెట్ ఆపిన కాలేజీ మీద కేసు పెట్టాలి. ఆలస్యానికి వడ్డీ సర్కారే కట్టాలి. ఫీజు చేరకపోయినా రిజర్వుడు సీటు రద్దు కాకుండా గడువు రూలు మార్చాలి. అమీర్‌పేట చెప్పే చదువు సాంఘిక సంక్షేమ హాస్టల్లోనే దొరకాలి, అక్కడ మిషన్లు ఉండాలి, రాత్రిపూట కూడా తెరిచి ఉండాలి. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ అడగాలి. అంతకుముందు కనీసం ఏ కంపెనీలో ఎవరున్నారో కులాలవారీ లెక్క చెప్పమనాలి.

ఈ వ్యాసం చదివే టీచర్లకు, విద్యార్థి మిత్రులకు ఒక మనవి. మీ కాలేజీలో సర్టిఫికెట్ కోసం అప్పు చేసిన తల్లుల పేర్లు, తేదీలు, కట్టిన మొత్తం ఒక నోటుబుక్‌లో రాసిపెట్టండి. రసీదు ఉంటే కాపీ తీయండి. 1942లో అంబేద్కర్ వైస్రాయి ముందుకు పోయింది కన్నీళ్లతో కాదు, లెక్కలతో. మన లెక్కలు మనమే రాసుకోకపోతే వాళ్లు చెప్పిందే చరిత్ర అవుతుంది: కంప్యూటర్‌కి కులం లేదు, మీవాళ్లకే బేసిక్స్ లేవని.