ఒక మగత మందు కథ

బెనడ్రిల్ అనగానే తెలుగువాళ్ళకి రెండు వేరువేరు వస్తువులు గుర్తొస్తాయి. ఇండియాలో పెరిగినవాళ్ళకి అది దగ్గుమందు. సీసా మూతతో కొలిచి పోస్తే గొంతులో తియ్యగా దిగే సిరప్. అమెరికా వచ్చి స్థిరపడ్డవాళ్ళకి అది ఎలర్జీ మాత్ర, చిన్న గులాబీరంగు బిళ్ళ. ఆ బిళ్ళలో ఉన్న మందే రంగూ పేరూ మార్చుకుని పక్క అరలో నిద్రమాత్రగా కూడా దొరుకుతుంది. మూడింటిలోనూ పనిచేసేది ప్రధానంగా ఒకటే: డైఫెన్‌హైడ్రమిన్. ఎలర్జీ అరలో "మగత రావచ్చు, జాగ్రత్త" అని హెచ్చరికగా అచ్చువేసిన సంగతే, రెండడుగుల అవతల నిద్రమాత్రల అరలో జనం ఆ మందు కొనడానికి కారణం.

సాఫ్ట్‌వేర్‌లో ఒక పాత జోకుంది. బగ్‌ని సరిచెయ్యడం చేతకాకపోతే దానికి ఫీచర్ అని పేరుపెట్టి కస్టమర్‌కి అంటగట్టెయ్యమని. ఈ మందు ఎనభై ఏళ్ళ చరిత్ర చదువుతున్నంతసేపూ నాకు ఆ జోకే గుర్తొస్తూ వచ్చింది.

కథ హిస్టమిన్‌తో మొదలవుతుంది. రై కంకులకి పట్టే ఎర్గాట్ అనే బూజు మీద పనిచేస్తూ హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్లా అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు 1910లో ఈ పదార్థం జంతువుల మీద ఏం చేస్తుందో వివరించారు. రక్తపోటు పడిపోతుంది, ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు బిగుసుకుపోతాయి. తీవ్రమైన ఎలర్జీ వచ్చినప్పుడు కనిపించే లక్షణాలే ఇవి. హిస్టమిన్ బయటినుంచి రానక్కర్లేదనీ, మన శరీర కణజాలంలోనే ఉంటుందనీ 1927లో తేలింది. మరి దాన్ని అడ్డుకునే మందు ఉండాలి కదా? పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో దానియెల్ బోవే, ఆన్ మరీ స్టోబ్ 1937లో మొదటిదాన్ని పట్టుకున్నారు. అది జంతువుల్లో పనిచేసింది కానీ, మనుషులకి ఇవ్వలేనంత విషం. మనుషులకి ఇవ్వదగ్గ మందు ఫ్రాన్స్‌లో 1942లో వచ్చింది, యుద్ధం మధ్యలో. బోవేకి 1957లో నోబెల్ వచ్చింది.

అదే రోజుల్లో అట్లాంటిక్‌కి ఇవతల సిన్సినాటిలో జార్జ్ రీవ్‌షల్ అనే యువకుడు వేరే పనిలో ఉన్నాడు. ఆయన నిజానికి కమర్షియల్ ఆర్టిస్ట్ అవుదామనుకున్నవాడు. మహామాంద్యం రోజులు, ఆ పని దొరక్క కెమిస్ట్రీలోకి వచ్చాడు. సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఆయన వెతుకుతున్నది కండరాల బిగుతుని సడలించే మందు. ఎలర్జీ ఆయన లక్ష్యం కాదు. 1943లో తయారుచేసిన పదార్థాల్లో ఒకటి హిస్టమిన్‌ని బ్రహ్మాండంగా అడ్డుకుంటోందని పార్క్-డేవిస్ కంపెనీ పరీక్షల్లో బయటపడింది. 1946 నాటికి అది డాక్టరు చీటీ మీద అమ్మకానికి వచ్చేసింది. అంటే పుట్టుకలోనే ఇది ఒక పనికోసం వెతికితే ఇంకో పనికి దొరికిన మందు.

మగత వస్తుందన్న సంగతి మొదటి నుంచీ అందరికీ తెలుసు. ఎందుకొస్తుందో మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఇందుకు ఆధారమొకటి అప్పటికే వేరే శాస్త్రంలో పడివుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో యూరప్‌లో ఒక వింత నిద్రజబ్బు ప్రబలింది. దానితో చనిపోయినవాళ్ళ మెదళ్ళు పరీక్షించిన వియన్నా వైద్యుడు ఫోన్ ఎకొనొమో, హైపోథలమస్ వెనకభాగం దెబ్బతిన్నవాళ్ళే అదేపనిగా నిద్రపోయారని గమనించాడు. సరిగ్గా ఆ ప్రాంతంలోనే హిస్టమిన్ తయారుచేసే నాడీకణాలు గుంపుగా ఉన్నాయని 1984లో గాని తేటతెల్లం కాలేదు. మనం మెలకువగా ఉన్నంతసేపూ అవి చురుగ్గా ఉంటాయి, నిద్రలో ఊరుకుంటాయి. ముక్కులో దురద పెట్టే అణువే మెదడులో మేలుకొలుపు పాడుతోందన్నమాట. రక్తంలోంచి మెదడులోకి అడ్డమైనవీ పోకుండా ఒక కాపలా ఉంటుంది. కొవ్వులో సులువుగా కరిగే డైఫెన్‌హైడ్రమిన్ ఆ కాపలా దాటుకుని లోపలికెళ్ళి ఆ పాట ఆపేస్తుంది. ముక్కుకి వేసుకున్న మందు ముక్కుకి మాత్రమే పనిచేస్తుందని రసాయనశాస్త్రం ఎక్కడా హామీ ఇవ్వలేదు. సైడ్ ఎఫెక్ట్ అన్న విభజన మందు చీటీ మీద ఉండేదే కానీ అణువులో ఉండేది కాదు.

ఇలా పక్కదారులు పట్టడం ఈ మందు వంశంలోనే ఉంది. నాకు బాగా నచ్చింది ట్రామ్ బండి కథ. 1947లో జాన్స్ హాప్‌కిన్స్ ఎలర్జీ క్లినిక్‌లో గే, కార్లినర్ అనే వైద్యులు ఒళ్ళంతా దద్దుర్లతో వచ్చిన ఒక గర్భిణికి కొత్త మందొకటి ఇచ్చారు. అది డైఫెన్‌హైడ్రమిన్‌నే ఇంకో పదార్థంతో కలిపి చేసినది. మగతని తగ్గిస్తుందేమో అని టీలో ఉండే థియోఫిలిన్‌కి చుట్టమైన ఆ పదార్థాన్ని జోడించారు. దద్దుర్ల సంగతి అలా ఉంచితే, ఎప్పుడు ట్రామ్ ఎక్కినా కడుపులో తిప్పేది, ఇప్పుడు తిప్పడం లేదని ఆవిడ చెప్పింది. వైద్యులు ఆమె మాటని కొట్టిపారేయకుండా, మందులేని ఉత్తి మాత్ర ఇచ్చి చూశారు. వికారం తిరిగొచ్చింది. దాంతో వెయ్యిమందికి పైగా సైనికులతో అట్లాంటిక్ దాటుతున్న ఓడలో దాన్ని పరీక్షించారు. డ్రామమిన్ అలా పుట్టింది. మన ఘాట్ రోడ్డు బస్సు ప్రయాణాల అవోమిన్‌ది కూడా ఇదే కులం, అందులో ఉండేది ప్రోమెథజిన్.

ఆ ప్రోమెథజిన్‌ని ఫ్రెంచి నౌకాదళ సర్జన్ అన్రీ లాబొరీ ఆపరేషన్లలో వాడి, రోగులు చిత్రమైన నిశ్చింతలోకి వెళ్తున్నారని గమనించాడు. దాన్ని పట్టుకుని వెళ్ళిన దారిలో 1950 డిసెంబర్లో క్లోర్‌ప్రోమజిన్ తయారైంది, మానసిక వైద్యం రూపే మారిపోయింది. ఇక డైఫెన్‌హైడ్రమిన్ సొంత సంతానం సంగతి: 1970లలో ఎలై లిల్లీ శాస్త్రవేత్తలు దాని నిర్మాణాన్నే నమూనాగా తీసుకుని మార్పులు చేస్తూ పోయి ఫ్లూఓక్సెటిన్‌కి చేరారు. 1987లో ప్రోజాక్‌గా అమెరికా అనుమతి పొందినది అదే. ఇన్ని మందులకి మూలపురుషుడైన అణువుని "ఉత్తి జలుబు మాత్రే కదా" అనుకోవడం నాకు విచిత్రంగా ఉంటుంది.

నిద్రమాత్రల అరలోకి ఇది ఖాళీ స్థలం దొరికి వచ్చింది. అప్పట్లో చీటీ లేకుండా అమ్మే అమెరికన్ నిద్రమాత్రల్లో మెథపిరిలిన్ అనే మరో యాంటీహిస్టమిన్ ఉండేది. అది ఎలుకల్లో కేన్సర్ తెస్తోందని తేలి 1979లో దుకాణాల్లోంచి తీసేశారు. 1980లలో ఆ చోటుని ఆక్రమించింది డైఫెన్‌హైడ్రమిన్. బగ్ అధికారికంగా ఫీచర్ అయింది. చిక్కేమిటంటే ఆ ఫీచర్ ఎక్కువకాలం ఉండదు. రోజూ వేసుకుంటే మూడు నాలుగు రోజుల్లో మెదడు అలవాటుపడిపోయి, ఉత్తి మాత్రకీ దీనికీ తేడా తెలియని స్థితికి వస్తుందని 2002లో ఒక ప్రయోగం చూపించింది. ఆ తర్వాత కూడా ఏళ్ళతరబడి వేసుకునేవాళ్ళున్నారు.

అసలు ప్రమాదం నాకు ఇంకోచోట కనిపిస్తుంది. తెలుగులో "మందు" అన్న మాటకి ఉన్న రెండర్థాలనీ పక్కపక్కన పెట్టి పరీక్షించిన ప్రయోగం ఒకటి 2000లో వచ్చింది. అయోవా విశ్వవిద్యాలయంలో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద ఎలర్జీ ఉన్న 40 మందిని కూర్చోబెట్టారు. ప్రతి ఒక్కరికీ వేర్వేరు రోజుల్లో నాలుగు రకాలిచ్చారు: 50 మిల్లీగ్రాముల డైఫెన్‌హైడ్రమిన్, మగత తేని ఫెక్సోఫెనడిన్, రక్తంలో 0.1 శాతం చేరేంత ఆల్కహాల్, ఉత్తి మాత్ర. ముందున్న కారు వేగం తగ్గిస్తే తగ్గించడం, పెంచితే పెంచడం వాళ్ళ పని. ఫెక్సోఫెనడిన్ రోజున ఉత్తి మాత్ర రోజుకీ తేడా లేదు. అందరికన్నా అధ్వాన్నంగా నడిపింది తాగినరోజు కాదు, డైఫెన్‌హైడ్రమిన్ వేసుకున్న రోజు. 50 మిల్లీగ్రాములంటే రెండు గులాబీ బిళ్ళలు, పెట్టె మీద రాసివున్న మోతాదే.

ఇందులో నన్ను కలవరపెట్టింది ఈ పోలిక కాదు, దాని పక్కనే ఉన్న ఇంకో ఫలితం. మీకెంత మగతగా ఉంది అని వాళ్ళనే అడిగితే చెప్పిన జవాబుకీ, వాళ్ళు నడిపిన తీరుకీ పెద్దగా పొంతన లేదు. నిద్ర రావట్లేదు, బాగానే ఉన్నాను అన్న మనిషి బాగా లేకపోవచ్చు.  లోపల చెడిపోయిన యంత్రాన్నే నువ్వు చెడిపోయావా అని అడిగినట్టు. మా ఆఫీసులో సర్వర్ ఆరోగ్యం గురించి ఆ సర్వర్ మాటే నమ్మితే ఉద్యోగం ఊడుతుంది.

పెద్దవాళ్ళ విషయంలో ఇంకో అడ్డు చేరుతుంది. ఈ మందు హిస్టమిన్‌తో ఆగదు, ఎసిటైల్‌కోలిన్‌ని కూడా అడ్డుకుంటుంది. నోరెండిపోవడం, మలబద్ధకం, ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవాళ్ళకి మూత్రం బిగుసుకుపోవడం దానివల్లే. జ్ఞాపకానికీ ఎసిటైల్‌కోలినే కావాలి. అందులోనూ వయసు మీదపడేకొద్దీ మందు ఒంట్లోంచి పోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. వృద్ధులకి ఇవ్వకూడనివంటూ వైద్యులు వాడే బీర్స్ జాబితాలో డైఫెన్‌హైడ్రమిన్ ఉంది. సియాటిల్ ప్రాంతంలో 65 దాటిన 3,434 మందిని సగటున ఏడేళ్ళకి పైగా గమనించిన అధ్యయనం 2015లో వచ్చింది. ఈ గుణమున్న మందుల్ని చాలాకాలం, ఎక్కువగా వాడినవాళ్ళలో మతిమరుపు జబ్బు ఎక్కువ కనిపించింది. అది కారణమని అధ్యయనం నిరూపించలేదు, అలా నిరూపించగల రకం అధ్యయనం కూడా కాదు. కానీ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి జెట్‌లాగ్ పోవడానికని రాత్రిపూట మనం చేతిలో పెట్టే "పీఎమ్" మాత్రల్లో చాలావాటిలో ఉండేది ఇదే. అర్ధరాత్రి బాత్రూముకి లేచిన డెబ్భై ఏళ్ళ మనిషి కొత్త ఇంట్లో, చీకట్లో, ఈ మందు మత్తులో మెట్ల పక్కగా నడవడం ఒకసారి ఊహించుకోండి.

పిల్లల సంగతి ఇంకా తలకిందులు. హైదరాబాద్ విమానం ఎక్కేముందు చంటిపిల్లలకి ఇదెంత పొయ్యాలన్న సలహా మనవాళ్ళలో చేతులు మారుతూనే ఉంటుంది. 2006లో 6 నుంచి 15 నెలల వయసు పిల్లలు 44 మందితో నిద్రకోసమే ఇచ్చి పరీక్షించారు. మందు తీసుకున్న 22 మందిలో ఒక్కరికి మెరుగనిపిస్తే, ఉత్తి ద్రవం తాగిన 22 మందిలో ముగ్గురికి మెరుగనిపించింది. ప్రయోజనం లేదని ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. పైగా కొంతమంది పిల్లలకి నిద్ర రాకపోగా చిందులు ఎక్కువవుతాయి. మోతాదు మించితే మూర్ఛ, గుండె లయ తప్పడం. 2020లో టీనేజ్ పిల్లలు పందేలు కాసి గుప్పెళ్ళతో మింగడం మొదలుపెడితే ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చెయ్యాల్సి వచ్చింది. ఇండియాలో కూడా, దీని చుట్టమైన క్లోర్‌ఫెనిరమిన్‌ని ఫినైలెఫ్రిన్‌తో కలిపిన జలుబు మందులు నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడొద్దని సీసాల మీద రాయమని 2023 డిసెంబర్లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది.

మగత లేని మందులు రాలేదా అంటే 1985లోనే అమెరికాకి టెర్ఫెనడిన్ వచ్చింది. మెదడుని వదిలేసింది కానీ, కొన్ని ఇతర మందులతో కలిస్తే గుండె లయని దెబ్బతీసింది. ఆ దశాబ్దం తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. శరీరం దాన్ని మార్చి తయారుచేసుకునే పదార్థమే ఫెక్సోఫెనడిన్, ఆ గుండె గొడవ లేనిది. లొరటడిన్, సెటిరిజిన్ కూడా వచ్చాయి (సెటిరిజిన్‌తో కొందరికి కొంచెం మగత తప్పదు). అయినా పాతది పోలేదు. మత్తుగా ఉంటేనే మందు గట్టిగా పట్టినట్టని మనకో నమ్మకం. వేరుశనగ తిని గొంతు వాస్తున్న పిల్లాడికి కూడా మొదట ఇదే ఇచ్చి కూర్చుంటారు. దద్దుర్లు తగ్గుతాయి, ఊపిరి మాత్రం బాగుపడదు. అక్కడ ప్రాణం నిలబెట్టేది ఎపినెఫ్రిన్ ఇంజెక్షనే.

2025లో వరల్డ్ ఎలర్జీ ఆర్గనైజేషన్ పత్రికలో ముగ్గురు వైద్యులు ఈ మందుకి ఇక వీడ్కోలు చెప్పాల్సిందేనని రాశారు. దుకాణాల్లో అది ఇంకా రెండు అరల్లోనూ ఉంది. జలుబు మాత్ర, నొప్పి మాత్ర, నిద్రమాత్ర మూడు పెట్టెలు విడివిడిగా కొన్నవాళ్ళు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదివితే, మూడింటిలోనూ అదే ఉండొచ్చు.