ఆముదపు చుక్క, ఇంద్రధనుస్సు రెక్క

2011లో వచ్చిన రకం రూపాయి నాణెం బరువు నాలుగు గ్రాములకి కాస్త తక్కువ. ఆ బరువులో, నడిపించే రబ్బరుతో సహా, రెండు విమానాలు వచ్చేస్తాయి. మాటవరసకి అంటున్నది కాదు. గాలి కదలని పెద్ద పెద్ద హాళ్ళలో ఎగరేసే నమూనా విమానాలకు ప్రపంచ పోటీలున్నాయి. వాటిలో ఎఫ్‌1డి అనే తరగతి నియమాలు ఇవీ: రెక్క ఈ కొసనుంచి ఆ కొసకి 55 సెంటీమీటర్లు దాటకూడదు, విమానం 1.4 గ్రాములకు తగ్గకూడదు, రబ్బరు 0.4 గ్రాములకు మించకూడదు. ఆ పిసరంత రబ్బరు మెలిక విప్పుకునే బలంతోనే ఇవి ఇరవై నిమిషాలు దాటి తిరుగుతాయి, మనిషి నడకకన్నా నిదానంగా.

రెక్కకి అస్థిపంజరం బాల్సా పుల్లలు. అసలు చిక్కంతా పైన కప్పే పొరతోనే. రెక్క వైశాల్యం చదరపు మీటరులో పదోవంతు అనుకుందాం. దానికి మనం ప్రింటర్లో వాడే 80 జీఎస్‌ఎం కాగితం కప్పితే కాగితమే ఎనిమిది గ్రాములు తూగుతుంది. చదరపు మీటరుకి పది గ్రాముల పల్చటి టిష్యూ వేసినా ఒక గ్రాము అక్కడే ఖర్చయిపోతుంది. ఇక పుల్లలకి మిగిలేదేమిటి? ఈ ఆట చరిత్ర అంటే చాలావరకు ఆ ఒక్క గ్రాముని కరిగించిన చరిత్రే.

మొదట్లో ఎవరూ ఇంత పీనాసితనం చూపించలేదు. 1871 ఆగస్టులో పారిస్ తూయిలరీ తోటలో ఆల్ఫోన్స్ పెనో ఎగరేసిన రబ్బరు విమానం 16 గ్రాములు. పదకొండు సెకన్లు ఎగిరింది, చూసినవాళ్ళు నోరు తెరిచారు. 1878లో రైట్ సోదరుల తండ్రి పిల్లలకు తెచ్చిచ్చిన ఎగిరే బొమ్మ కూడా పెనో బాటలోదే: కాగితం, వెదురు, బెండు, రబ్బరు. ఆ తర్వాత జపాను టిష్యూ వచ్చింది. అదీ బరువనిపించినప్పుడు ఎలక్ట్రికల్ కండెన్సర్లలో పొరల మధ్య పెట్టే కాగితం మీద కళ్ళు పడ్డాయి.

1930ల నాటికి అమెరికా కుర్రాళ్ళు కాగితాన్నే వదిలేశారు. వాళ్ళు పట్టుకున్నది మైక్రోఫిల్మ్. లైబ్రరీల్లో పాత పత్రికలు దాచే ఫిల్మ్ కాదిది, పేరొకటే. నైట్రోసెల్యులోజ్‌ని ద్రావకంలో కరిగించి, అందులో కొన్ని చుక్కలు ఆముదం కలుపుతారు. తొట్టెలో నిశ్చలంగా ఉన్న నీళ్ళ మీద ఆ ద్రవాన్ని ఒక ఊపులో పోస్తే క్షణంలో పరుచుకుని, ద్రావకం ఆవిరై, పొర మిగులుతుంది. దాని అంచుల్ని తీగ చట్రానికి చుట్టి, ఒక పక్కనుంచి మెల్లిగా ఎత్తాలి. చెయ్యి వణికితే మళ్ళీ మొదటికే.

ఆముదం ఎందుకు? అది లేకపోతే పొర ఎండి, బిగుసుకుని, పుల్లల్ని మెలితిప్పేస్తుంది. ఎక్కువైతే సాగిపోతుంది. మనకి ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం. విమానాల చరిత్రలో మాత్రం దానికి ఆ చిన్నతనం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్లకు కందెన ఆముదమే, ఆ గింజల్లో చాలా భాగం ఇండియానుంచి వెళ్ళినవే. పాలమూరు, నల్లగొండ మెట్టచేల పంటకి ఆకాశంతో ఇంత చుట్టరికం ఉందని మన పుస్తకాలు చెప్పవు.

నైట్రోసెల్యులోజ్ కథ ఇంకా వింత. 1846లో షోన్‌బైన్ దాన్ని పేలుడు పత్తిగా లోకానికి చూపించాడు. 1851లో ఆర్చర్ అదే జాతి పదార్థమైన కొలోడియన్‌ని గాజు మీద పూసి ఫోటోలు తీశాడు. తొలినాళ్ళ సినిమా రీళ్ళూ అదే, సినిమాహాళ్ళు తగలబడిపోవడానికి కారణమూ అదే. తుపాకిమందుకి బదులుగా పుట్టిన పదార్థం చివరికి తుమ్మితే చిరిగే రెక్కయింది!

ఈ పొర మందం కొలిచేందుకు పరికరమక్కర్లేదు, రంగు చాలు. సబ్బుబుడగ మీద, తడిరోడ్డు పైన నూనెతెట్టు మీద కనిపించే రంగులే ఇవీ. పొర పైతలం నుంచీ కింది తలం నుంచీ తిరిగొచ్చే వెలుగులు కలిసి మందాన్నిబట్టి రంగు మారుస్తాయి. బంగారు రంగు పల్చని పొరది, లేత గులాబీ, ఆకుపచ్చ మందమైనవాటివి. చట్రాల వరస చూసి, రెక్కకిది, తోకకిది అని ఎంచుకునేవారు. అంటించడానికి జిగురు కూడా బరువే కదా! పుల్లల అంచులు నాలుకతో తడిపి పొర మీద ఆనించేవారు, పక్కలు వేడి తీగతో కోసేవారు. ఎంగిలి జిగురుతో ప్రపంచ చాంపియన్లయినవాళ్ళున్నారన్నమాట.

తర్వాత కెపాసిటర్ల పరిశ్రమే మళ్ళీ ఆదుకుంది. అర మైక్రాన్ మందం పాలియెస్టర్ ఫిల్మ్ చదరపు మీటరుకి 0.7 గ్రాములే. తేమకి లొంగదు, నెలలకొద్దీ నిలుస్తుంది. ముందే నలిపి, కొంచెం వదులుగా, పల్చగా చల్లిన జిగురుతో అంటిస్తారు. పుల్ల తేమకి అటూ ఇటూ కదిలినా రెక్క వంకర పోకుండా ఆ వదులు కాపాడుతుంది. దాంతో నీళ్ళతొట్టెలు మూలపడ్డాయి. పొర కొనుక్కోవచ్చు. రంగు చదివే కన్ను మాత్రం దుకాణంలో దొరకదు.

పోయేది విద్య ఒక్కటే కాదు, చోటు కూడా. ఇంగ్లండు కార్డింగ్టన్‌లో ఆర్101 ఎయిర్‌షిప్ కొలువుండిన షెడ్డు వీళ్ళ తీర్థం. పశువుల పేగుపొరలతో వాయుసంచులు కట్టుకున్న ఆ ఓడ 1930 అక్టోబరులో ఫ్రాన్సులో కూలి 48 మందిని బలిగొంది. దాని ఇంటి గాలిలో తర్వాత గ్రాము విమానాలు తిరిగాయి. కాలిఫోర్నియా టస్టిన్‌లో 1942లో కట్టిన రెండు కొయ్య హ్యాంగర్లలో ఉత్తరపుది 2023 నవంబరు 7న కాలిపోయింది. యుద్ధానికి ఉక్కు కావాలని కొయ్యతో కట్టిన భవనమది.

యుద్ధాలకోసం కట్టిన కప్పులు, కెపాసిటర్లకోసం చేసిన పొరలు, పేలుడుకోసం పుట్టిన పత్తి: ఈ ఆటకంటూ లోకం పనిగట్టుకుని చేసిపెట్టింది దాదాపు ఏమీ లేదు. ఉన్నవాటినే ఏరుకుని, పల్చన చేసి, ఎగరేశారు. పొరకి ప్రత్యామ్నాయం దొరికింది. గాలి కదలని అంత ఎత్తు కప్పుకి ఇంకా దొరకలేదు.