భరత్‌పూర్ పక్షుల కొలను: వేట నుండి విద్య వరకు

ఆగ్రా నగరమునకు పడమరగా సుమారు 50 కిలోమీటర్ల దూరమున, రాజస్థాన్ రాష్ట్రములో భరత్‌పూర్ అను పట్టణము కలదు. ఆ పట్టణపు పొలిమేరలోనే 29 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గల పల్లపు భూమి యున్నది. వానకాలమున నీరు చేరి అది కొలనగును. ఎండకాలమున చాలవరకు ఎండిపోవును. దాని నడుమ నున్న శివాలయమును బట్టి ఆ ప్రదేశమునకు కేవలాదేవ్ అని పేరు వచ్చినది. చుట్టుపట్లవారు దానిని ఘనా అందురు. దట్టమైన అడవి అని దాని అర్థము. పక్షులను చూచుటకు వచ్చువారికి ఇది లోకప్రసిద్ధమైన చోటు. కాని దీని చరిత్ర పక్షుల చరిత్ర మాత్రమే కాదు. ఒక నీటిపట్టును కాపాడవలెనన్న ఎవరికి ఏమి నేర్పవలెను, ఎవరి నుండి ఏమి నేర్చుకొనవలెను అను ప్రశ్నకు నూరేండ్లకు పైబడిన అనుభవము ఇందు నిక్షిప్తమై యున్నది.

ఈ కొలను పూర్తిగా ప్రకృతి నిర్మించినది కాదు. గంభీర్, బాణగంగా నదుల వరదనీరు ఈ పల్లమునకు సహజముగానే చేరుచుండెడిది. 18వ శతాబ్దిలో భరత్‌పూర్ నేలిన జాట్ రాజు సూరజ్‌మల్ ఆ వరదను నిలువరించుటకు అజాన్ అను కట్టను కట్టించెను. 19వ శతాబ్ది చివర సంస్థానమువారు ఆ కట్ట వెనుక నిలిచిన నీటిని చిన్న కాలువల ద్వారా పల్లమునకు మళ్ళించి, గట్లువేసి, తూములు పెట్టి, అనేక మడుగులుగా విభజించిరి. నాటి నుండి ప్రతియేట ఒకే క్రమము సాగుచు వచ్చినది. వర్షర్తువున కట్ట నుండి నీరు వచ్చును; నీటితోపాటు చేపపిల్లలును వచ్చును. ఆ చేపలను నమ్ముకొని కొంగలు, నీటికాకులు నీట నిలిచిన తుమ్మచెట్లపై గూళ్ళు కట్టును. శీతకాలమున ఉత్తర దేశముల నుండి బాతులు, పరజలు దిగును. వేసవికి మడుగులు ఎండును. ఎండిన నేలపై పశువులు మేయును.

ఇంతటి ఏర్పాటు పక్షుల మీది ప్రేమతో జరిగినది కాదు. బాతుల వేట కొరకు జరిగినది. 1902లో వైస్రాయి కర్జను ప్రభువు రాకతో ఇక్కడ పెద్ద వేటలు ఆరంభమయ్యెను. ఏ సంవత్సరమున ఏ ప్రముఖుడు వచ్చెను, ఎన్ని తుపాకులు పేలెను, ఎన్ని పక్షులు పడెను అను లెక్కలను రాతిపలకలపై చెక్కించి ఆలయ సమీపమున నిలిపిరి. 1938వ సంవత్సరము నవంబరు 12వ తేదీన, వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు వచ్చిన నాడు, ఒక్క దినముననే 4,273 పక్షులు కూలినవి. సందర్శకునికి ఈ కొలను వద్ద చెప్పబడిన మొదటి పాఠము ఇదియే యనవచ్చును: పక్షి యనగా ఒక అంకె, ఆ అంకె ఎంత పెద్దదైన అంత గౌరవము. ఆ శాసనములను తరువాతివారు తొలగింపలేదు. అవి నేడు గర్వమునకు గాక హెచ్చరికకు ఉపయోగపడుచున్నవి.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట వేరొక ప్రమాదము తలయెత్తెను. రాజుల వేటకై ఇంత భూమి, ఇంత నీరు ఎందులకు, ఎండగట్టి సేద్యమునకు ఇచ్చిన పేదలకు మేలు కాదా యని రైతులు అడిగిరి. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూకు ఈ కొలను విలువను వివరించి దానిని కాపాడించెను. కొలను నిలిచినది. పెద్ద వేటలలో కడపటిది 1964లో జరిగెను; మహారాజునకు మిగిలిన వేటహక్కులు 1972తో ముగిసెను. అయితే కాపాడవలసిన కారణము ప్రధానికి తెలిసినట్లు ప్రక్క పల్లెలోని పశులకాపరికి తెలియలేదు. అతనికి చెప్పినవారును తక్కువ. ఈ లోటు తరువాత ఎట్లు పరిణమించెనో ముందు చూతము.

వేట తగ్గినకొలది కొలనులో శాస్త్రపరిశోధన పెరిగెను. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు సలీం అలీ నాయకత్వమున వేలకొలది పక్షులను పట్టి, కాళ్ళకు అంకె గల లోహపు కడియములు తొడిగి విడిచిరి. ఆ కడియము దొరికినవారు సంఘమునకు తెలుపవలెనని దానిమీదనే వ్రాసియుండును. ఇచ్చట కడియము తొడిగిన బాతులు వేల కిలోమీటర్ల ఆవల, సోవియట్ దేశపు ప్రాంతములలో దొరకుటచే వాని వలసమార్గములు స్పష్టమయ్యెను. ఈ పద్ధతిలో ఒక విశేష మున్నది. కడియము తొడుగువాడు శాస్త్రజ్ఞుడే. కాని దానిని చూచి జాబు వ్రాయువాడు సామాన్యుడు. అతడు దానిని పారవేసినచో పరిశోధన అచ్చటనే ఆగిపోవును. జనుల సహాయము లేనిదే పక్షిశాస్త్రము సాగదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

చూచుటకు వచ్చువారి సంఖ్య హెచ్చగా వారికి దారి చూపువారు అవసరమైరి. మోటారు బండ్లను లోపల కొంత దూరమునకు మించి పోనీయకపోవుటచే సందర్శకులు నడకనో, సైకిలు మీదనో, త్రొక్కు రిక్షాలోనో పోవుట ఆచారమయ్యెను. ఉద్యానవనము వారు రిక్షాలవారికి పక్షులను గుర్తించుటలో శిక్షణ ఇచ్చిరి. పట్టణములో బరువులు లాగు వృత్తి ఇక్కడ ఉపాధ్యాయ వృత్తి అయ్యెను. తెడ్డుమూతి కొంగ నీటిలో ముక్కును ఇటునటు ఊపుచు ఏల నడచును, గుల్లకొంగ ముక్కు నడుమ సందు ఎందులకు, మగబాతు ఆడుబాతు రంగులలో భేదమేమి యని చెప్పగలవారు వారిలో పలువురు తయారైరి. కాలక్రమమున సలీం అలీ పేర సందర్శకుల కేంద్రమొకటి కూడ వెలసినది.

వారు నేర్పు విషయములలో ముఖ్యమైనది పక్షి పేరు కాదు, దూరము పాటించుట. గూటికి చేరువగా పోయినచో తల్లిపక్షి లేచిపోవును. మధ్యాహ్నపు టెండలో గ్రుడ్డుగాని, రెక్కలు రాని పిల్లగాని నీడలేక కొద్దిసేపున్నను ప్రాణాపాయమే. ఆ అదనుననే కాకియో, గ్రద్దయో గూటిలో జొరబడును. చూచువాని కుతూహలమే చూడబడు పక్షికి మృత్యువు కావచ్చును. ఈ కారణము తెలిసిన సందర్శకుడు కావలివాడు లేకున్నను దూరముగానే నిలుచును. తెలియనివాడు కావలివాడు తల తిప్పగానే ముందునకు పోవును.

సందర్శకుల విషయమున ఇంత శ్రద్ధ చూపినను, కొలను చుట్టునున్న పల్లెల విషయమున కథ వేరుగా నడచెను. 1981 అక్టోబరులో ఈ కొలను రామ్సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల నీటిపట్టుగా గుర్తింపబడెను. 1982 మార్చిలో జాతీయోద్యానము అయ్యెను. జాతీయోద్యానమున పశువులు మేయరాదని చట్టము. తరతరములుగా గేదెలను తోలుకొని వచ్చుచున్న గ్రామస్థులకు ఆ యేడు నవంబరులో దారులు మూతపడెను. వారితో తగిన సంప్రదింపు లేదు. మరియొక మేతచోటు చూపలేదు. అలజడి చెలరేగి, పోలీసు కాల్పులలో పలువురు మరణించిరి. పక్షుల రక్షణకై పుట్టిన ఉద్యానము మనుష్యుల రక్తముతో తన మొదటి సంవత్సరమును గడిపెను.

తరువాత జరిగినది శాస్త్రజ్ఞులను సైతము ఆలోచింపజేసినది. 1980 నుండి పదేండ్లపాటు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు విజయన్ నాయకత్వమున ఇక్కడ పరిశోధన జరిపిరి. మేత నిషేధించిన పిదప పక్షులు హెచ్చునని తలచిరి. కాని పాస్పాలమ్ అను జాతి గడ్డి నీటిపై చాపవలె అల్లుకొనిపోయెను. ఇంతకుముందు గేదెలు మడుగులలో దిగి దానిని మేయుచు, త్రొక్కుచు అదుపులో నుంచెడివి. ఆ పని చేయువారు లేకపోగా బయలు నీరు తగ్గెను; నీటి లోపలి మొక్కలకు వెలుతురు కరవయ్యెను; చేపల సంచారమునకును, బాతులు దిగుటకును చోటు చాలకపోయెను. గేదెకు ఈ కొలను ఎంత అవసరమో కొలనుకు గేదెయు అంత అవసరమని తేలెను. గ్రామస్థులకు తెలుపవలసిన దెంతయో యుండవచ్చును. కాని వారి వాడుకనుండి తెలుసుకొనవలసినదియు నుండెనని ఈ పరిశోధన చాటినది.

ఈ గుణపాఠము ఫలింపక పోలేదు. పశువులను తోలుటకు అనుమతి లేకున్నను గ్రామస్థులు గడ్డి కోసికొని పోవుటకు వీలు కల్పింపబడెను. ఉద్యానమంతట సర్కారు తుమ్మ దట్టముగా అలముకొనగా, 2007 ప్రాంతమున దానిని వేళ్ళతో పెకలించు పనిని చుట్టుపట్ల పల్లెలవారికే అప్పగించి, ఆ కలపను వారినే తీసికొని పోనిచ్చిరి. వారికి వంటచెరకు దొరకెను. కొలనుకు నేల దొరకెను. నాలుగు ఉపన్యాసములకన్న ఇట్టి ఒక్క ఏర్పాటు ఎక్కువ నేర్పును.

అయినను ఒక పరీక్ష మిగిలి యుండెను. గంభీర్ నదిపై ఎగువన కరౌలీ జిల్లాలో పాంచనా ఆనకట్ట కలదు. 2004లో వానలు చాలనపుడు ఆ నీరు తమ పొలములకే కావలెనని ఎగువ రైతులు పట్టుబట్టిరి. కొలనుకు నీరు రాలేదు. తరువాతి కొన్ని సంవత్సరములు పక్షులు గూళ్ళు కట్టుట సన్నగిల్లెను. 1985లోనే ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటింపబడిన కొలను ఎండి పగుళ్ళు వారెను. కడకు గోవర్ధన్ డ్రెయిను నుండి గొట్టముల ద్వారా నీరు తెచ్చు పథకము 2012లో పూర్తియగుటతో కొంత ఊరట కలిగెను. కొలనుకు ద్వారమువద్ద వచ్చు సందర్శకుని కన్న, ఎన్నడును ఆ ద్వారము త్రొక్కని ఎగువ రైతు దాని బ్రతుకును ఎక్కువగా నిర్ణయించునని దీనివలన తెలిసినది. విద్యాబోధన గోడలోపల ఆగిన చాలదు. నీరు ఎంతదూరము నుండి వచ్చునో అంతదూరము పోవలెను.

దక్షిణమున ఇందుకు రెండు ఉదాహరణములు చూడవచ్చును. చెంగల్పట్టు సీమలోని వేడంతాంగల్ గ్రామస్థులు 18వ శతాబ్ది చివరనే తమ చెరువు పక్షులను వేటాడరాదని కుంఫిణీ కలెక్టరుచే పత్రము వ్రాయించుకొనిరి. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలమునకు ఎరువని వారెరుగుదురు. తమ పంటకును పక్షికిని గల సంబంధము తెలిసినవారికి వేరొకరు బోధింప నక్కర లేకపోయెను. మన కొల్లేరు వద్ద వరుస తలక్రిందులయ్యెను. 1999లో అభయారణ్య ప్రకటన, 2002లో రామ్సార్ గుర్తింపు వచ్చెను. 2006లో చేపల చెరువుల గట్లను కొట్టివేసిరి. జీవనోపాధి పోయినదని గ్రామములవారు, సరస్సు పోవుచున్నదని పరిరక్షకులు వాదించుకొనిరి. సరిహద్దు ఎంతవరకుండవలెనను వివాదము ఆ తరువాతను తెగక సాగెను.

భరత్‌పూర్‌లో పోయినది తిరిగి రాలేదు. ఒకప్పుడు వందలసంఖ్యలో వచ్చిన సైబీరియా కొంగలు ఏటేట తగ్గి, 2001–02 శీతకాలమున ఒక జంటగా కనిపించి, ఆపై రాలేదు. వాని మార్గమున ఉన్న ఇతర దేశములలో వేట, నీటిపట్టుల నాశనము అందుకు కారణములని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఇచ్చటి కాపలా ఎంత గట్టిదైనను అచ్చటి తుపాకిని ఆపలేకపోయెను. కనుక పక్షుల రక్షణలో బడిపిల్లల విహారయాత్ర, రిక్షావాని పాఠము, పశులకాపరి అనుభవము, ఎగువ రైతుతో ఒప్పందము అన్నియు ఒకే పనిలోని భాగములు. వానిలో ఏ ఒక్కటి విడిచినను కొలనులో నీరైన తగ్గును, నీరున్నచో పక్షియైన తగ్గును. వేటలెక్కలు చెక్కిన ఆ రాతిపలకల ప్రక్కన రిక్షా నిలిపి పక్షుల పేర్లు చెప్పు సామాన్యుడు ఈ నూరేండ్లలో వచ్చిన మార్పునకు మంచి సాక్షి. చుట్టునున్న ప్రతి పల్లెలోను అట్టివారు పదిమంది యున్ననాడు గోడ ఎత్తు పెంపవలసిన పని యుండదు.