బయలు, బార్లా, ఏమరుపాటు, ఇడిసిపెట్టడం

మా మార్కాపురం, గిద్దలూరు దిక్కు జనం తెరిచి ఉండేదాన్ని, కాపు లేనిదాన్ని, జాగర్త లేని మనిషిని ఏమేం అంటారో ఒకచోట రాసిపెడదామని కూచున్నా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడిందాకా మేం కర్నూలు జిల్లావోళ్లం. అందుకే మా మాట సగం సీమది, సగం పల్నాడుది. రాసేకొద్దీ ఒక సంగతి తేలింది. పడినోడిని తప్పుబట్టే మాటలు బోలెడున్నాయి. తెరిచిపెట్టి పోయినోడిని పట్టుకునే మాట జనం నోట్లో ఉంది గానీ, కాగితం మీదికి రావడంలేదు.

ముందు బయలు. కప్పూ కంచే లేని జాగా. ఎండాకాలం ఆరుబయట మంచమేసుకుని పడుకోవడంలో తప్పేముంది? బయలుదేరడమన్నా ఇంట్లోంచి బయట పడటమే. బయలును రెండుసార్లు అంటే బట్టబయలు. బడిలో ఆమ్రేడిత సంధి కింద బట్టీ పట్టిందే ఇది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో కడ, నడుమ, పగలు పక్కనే బయలు కూడా ఉంటది. కట్టకడ, నట్టనడుమ, పట్టపగలు, బట్టబయలు. దాచినది బయటపడితేనే ఈ మాట వాడతాం గాబట్టి, దీంట్లో కొంచెం సంతోషం కూడా ఉంది.

బార్లా వేరే. బార అంటే రెండు చేతులూ చాపితే వచ్చే పొడుగు. తాడును, బావి లోతును బారల్లోనే కొలిచేవాళ్లు. తలుపు రెండు రెక్కలూ అట్టా చేతులు చాపినట్టు ఉంటే బార్లా తెరిచినట్టు. "తలుపు బార్లా తెరిచిపెట్టి యాడికి పోయినావే?" అని మా అమ్మ అరిస్తే, తెరిచింది ఎవరో ఊరంతటికీ తెలిసేది. ఈ మాటకు కర్త ఉంది.

ఇంక మనిషి మీదికొచ్చేవి: ఏమరుపాటు, ఆదమరుపు, పరాకు, అజాగర్త, ఒళ్లు తెలవకపోవడం. పరాకు తమాషా మాట. పరాగ్గా ఉన్నాడంటే మనసు ఈడ లేదని. రాజుల కొలువులో బహుపరాక్ అని కేకేస్తే మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండని. ఒకే మాట మరుపుకూ, హెచ్చరికకూ పనికొచ్చింది. అచ్చోసిన ఆంబోతు అని ఇంకోటుంది. దేవుడి పేర వాతేసి వదిలిన ఎద్దు ఎవరి చేలో పడి మేసినా అడిగేవాడు ఉండడు. తిరిగేది ఎద్దే అయినా, అచ్చుపోసి వదిలినోడు ఒకడున్నాడని ఆ మాటే చెప్తది.

ఈ మాటలన్నీ నేను సరదాకి పోగెయ్యలేదు. ఎండిపోయిన బోర్ల కోసం పోగేశా.

మా పడమటి దిక్కున రైతు ఒక బోరుతో ఆగలేడు. నీళ్లు పడకపోతే రెండోది, మూడోది. ఫెయిలైన బోర్లో దింపిన కేసింగ్ పైపుకు డబ్బులొస్తయ్, లేకపోతే కొత్తబోరుకు పనికొస్తది. అందుకని దాన్ని పీకేస్తారు. పైపు ఉన్నంతకాలం నేలమీద ఒక మొండెం కనపడుద్ది, దాటుకుని పోతాం. పీకినాక నేలకు సమానంగా బొక్క మిగులుద్ది. వానకు అంచు మన్ను జారి నోరు ఇంకా వెడల్పవుద్ది. చుట్టూ గడ్డి మొలిస్తే పెద్దోళ్లకే కనపడదు. రెండేళ్ల బిడ్డకు ఏం కనపడుద్ది?

2017లో చేవెళ్ల దగ్గర ఇక్కారెడ్డిగూడెంలో ఒక పాప అట్టనే పోయింది. అదే ఏడాది ఆగస్టులో మన పక్కనున్న వినుకొండ మండలం ఉమ్మడివరంలో బాబు పడితే, పక్కన గుంత తవ్వి ప్రాణాలతో తీశారు. ఇట్టాంటి వార్త ఎప్పుడొచ్చినా మాట ఒకటే: నోరు తెరుచుకున్న బోరుబావి. తెరుచుకోవడమంటే దానంతట అదే తెరుచుకోవడం. పువ్వు విచ్చుకున్నట్టు, ఆవులింత వచ్చినట్టు. ఆ వెంటనే రెండో వాక్యం: తల్లిదండ్రులు ఏమరుపాటుగా ఉండగా. అంటే బోరుకు కర్త లేదు, తప్పుకు మాత్రం ఉంది. అది కూలికి పోయిన తల్లి.

చట్టం ఇంత అమాయకంగా లేదు. 2010 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో, బోరు వేసే పదిహేను రోజుల ముందే భూమి యజమాని రాతపూర్వకంగా అధికారులకు తెలపాలి. వేసేటప్పుడు చుట్టూ ముళ్లకంచె, బోర్డు ఉండాలి. కేసింగ్ చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి, మూతిని ఇనుప రేకుతో వెల్డింగ్ చెయ్యాలి, లేదా బోల్టులతో బిగించిన మూత పెట్టాలి. వదిలేసిన బోరునైతే అడుగునుంచి నేలదాకా మట్టి, ఇసక, రాళ్లతో పూడ్చాలి. పల్లెల్లో సర్పంచి, వ్యవసాయ శాఖ అధికారి చూడాలి, పైన కలెక్టరు. రిగ్గు బండ్లను రిజిస్టరు చేయించాలని అంతకుముందే 2002 వాల్టా చట్టం చెప్పింది. అప్పులపాలైన రైతు ఒక్కడి మీదే ఇదంతా నెట్టడం నాకు ఒప్పదు. రిగ్గువోడు రేత్రికి రేత్రి బండి కట్టుకుని ఇంకో ఊరు పోతాడు. పూడ్చే ఖర్చు అడుగు లెక్క బిల్లులోనే కలపాలని నేనెప్పట్నుంచో అంటున్నా.

ఒక అర్జీ సంగతి చెప్తా. మా ఊళ్లకు దగ్గర్లో ఒక చేలో అట్టాంటి బొక్క ఉందని, దాని గురించి అర్జీ రాస్తా మేకలు కాసే ముసలమ్మను అడిగా, "అది ఎన్నాళ్లనుంచి తెరిచి ఉందవ్వా?" అని. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"తెరిచి ఉండేదేంది నాయనా? ఇడిసిపెట్టి పోయినారు. మేకపిల్ల పడినాక నేనే రాయి దొర్లించా."

ఇడిసిపెట్టడం. పెళ్లాన్ని ఇడిసిపెట్టినోడిని, ముసలితల్లిని ఇడిసిపెట్టినోడిని అనే మాటే. ఇడిసినోడు లేకుండా ఆ మాట నిలబడదు. అర్జీలో "ఇడిసిపెట్టి పోయిన బోరు, పెట్టినవారిపై చర్య తీసుకోగలరు" అని రాసి ఒక ఆఫీసులో ఇచ్చా. గుమస్తా చదివి, ఇట్టాంటి భాష ఫైలుకు పనికిరాదని నా ముందే పెన్నుతో కొట్టేసి, పైన "నిరుపయోగముగా నున్న బోరుబావి" అని రాసుకున్నాడు. రెండో సగం కొట్టేసిన చోట ఏమీ రాయలేదు.

రసీదు మాత్రం ఇచ్చాడు. మళ్లీ అట్టా పోయి చూస్తే, అవ్వ దొర్లించిన రాయి అట్టనే ఉంది.