పస్తు కాన్పులు

నొప్పులు మొదలయ్యాక పచ్చి మంచినీళ్లయినా తాగనివ్వకూడదన్న ఆసుపత్రి నియమానికి గట్టి ఆధారం దొరికింది న్యూయార్క్ లైయింగ్-ఇన్ ఆసుపత్రిలో. 1932-1945 మధ్య అక్కడ నమోదైన 44,016 మంది గర్భిణుల్లో 66 మందికి మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయిందని డాక్టర్ కర్టిస్ మెండెల్సన్ 1946లో రాశాడు. ఎక్కువమందిలో లోపలికి పోయింది జఠర ద్రవమే. అలాంటి బాలింతకు ఉబ్బసంలా ఆయాసం ముంచుకొచ్చేది, ఒళ్లు నీలబడేది. అయినా తగిన చికిత్సతో కోలుకునేది. చనిపోయిన ఇద్దరూ గట్టి ఆహారం అడ్డుపడి ఊపిరాడక పోయినవాళ్లు.

ఇందులో అన్నానికన్నా మత్తు ఇచ్చిన పద్ధతికే ఎక్కువ బాధ్యత ఉందని నా వాదన. మామూలుగా పొలమారితే దగ్గు మనల్ని కాపాడుతుంది. మత్తు ఆ దగ్గును అణచేస్తుంది. ఆ రోజుల్లో గొంతులో గొట్టం వేయకుండా, ముఖానికి మాస్కు పెట్టి ఈథర్ పీల్పించేవారు. పైగా ఊపిరితిత్తుల్ని కాల్చేది ఆమ్లమని మెండెల్సనే కుందేళ్లపై ప్రయోగించి చూపాడు. పస్తున్న కడుపులోనూ ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. అందుకే ఆయన తిండి ఆపమనడంతో సరిపెట్టలేదు. స్థానిక మత్తు వాడమన్నాడు, ఆమ్లాన్ని విరిచే మందు ఇమ్మన్నాడు, వాంతి కంటపడేలా పారదర్శకమైన మాస్కులు కావాలన్నాడు, నేర్పున్నవాళ్లే మత్తు ఇవ్వాలన్నాడు. వీటన్నిటికీ డబ్బు, శిక్షణ కావాలి. పస్తుకు ఏమీ అక్కర్లేదు, భారమంతా నొప్పులు పడే మనిషిదే. అన్నిటికన్నా తేలిగ్గా పాతుకుపోయింది అదే.

ఆ తర్వాత మరణాలు తగ్గాయి కదా, అది పస్తు ఫలితం కాదా అని అడగవచ్చు. కొంత మేలు జరిగి ఉండవచ్చు. కానీ అదే కాలంలో గొంతులో గొట్టం వేయడం అలవాటైంది, 1961లో సెల్లిక్ అనే వైద్యుడు మెడ దగ్గర నొక్కి అన్నవాహికను మూసే పద్ధతి చెప్పాడు, వెన్నులో ఇచ్చే మత్తు వ్యాపించింది. ఘనతంతా పస్తుకే కట్టబెట్టడం న్యాయం కాదు. ఏ కాన్పు ఎప్పుడు ఆపరేషన్‌కు దారితీస్తుందో తెలియదన్న అభ్యంతరం మరింత బలమైనది. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. అయితే నేడు సిజేరియన్లు ఎక్కువగా వెన్నులో మత్తుతో, తల్లి మెలకువగా ఉండగానే జరుగుతున్నాయి. ముందే నిర్ణయించిన ఆపరేషన్‌కూ, ప్రమాదం ఎక్కువున్న కాన్పుకూ వైద్యులు చెప్పిన పస్తు పాటించాల్సిందే. ప్రమాదం తక్కువున్న స్త్రీకి మాత్రం నొప్పుల్లో ద్రవాలు, ఆహారం తీసుకోనివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. మీ ఇంటి ఆడపడుచును కాన్పుకు చేర్చినప్పుడు, ఆమె ఏం తాగవచ్చో, ఏం తినవచ్చో డాక్టరును అడగండి.